మిరప పొగ

2025 ఫిబ్రవరి 2, ఆదివారం, మార్టూరు

నా కౌన్సెలింగ్ గది ఒక దారికొచ్చింది. ట్యూబులైటు తీయించి పసుపు బల్బు పెట్టించాను. తలుపు పక్కన ఒక కుర్చీ వేశాను, కూర్చున్నవాళ్లు ఎప్పుడు కావాలంటే అప్పుడు లేచి వెళ్లగలిగేలా.

ఎనిమిదేళ్ల పిల్లాడితో తల్లి వచ్చింది. వస్తూనే వాడు ఫ్యాను వంక చూసి చెవులు మూసుకున్నాడు. ఆపేశాను. కాసేపటికి చేతులు దించాడు. "మావోడికి మాటలు రావు మేడమ్. గోడకేసి తల కొట్టుకుంటాడు. రాత్రిళ్లు మరీను. ఎవరో సారు కొట్టి అలవాటు చేయమన్నాడు" అంది.

ఇల్లు ఎక్కడని అడిగాను. గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ వెనక వీధి. ఆర్డర్లుంటే కట్టర్ రాత్రంతా నడుస్తుంది. సంక్రాంతికి పుట్టింటికి వెళితే అక్కడ పిల్లాడు హాయిగా పడుకున్నాడట. అమ్మమ్మ తాయెత్తు కట్టించింది కాబట్టి అనుకుంటోంది. తాయెత్తు జోలికి నేను పోలేదు. ఒక నోటుపుస్తకం ఇచ్చి, కట్టర్ ఎప్పుడు మొదలైంది, పిల్లాడు తల ఎప్పుడు కొట్టుకున్నాడు, ఈ రెండూ రాసిపెట్టమన్నాను.

ఏ పిల్లాడి విషయంలోనైనా ముందు వాడి చెవికి, ముక్కుకి, ఒంటికి ఏం తగులుతోందో తెలుసుకోవాలి. వాడిని మార్చే సంగతి ఆ తర్వాత. నొప్పికి అలవాటు పడటాన్ని నేను వైద్యం అనుకోను.

ఫిబ్రవరి 9, ఆదివారం

కౌలు రైతు భార్య. భర్త పురుగుమందు తాగి చనిపోయి రెండేళ్లయింది. ఇప్పుడు మిరప కోతలకి కూలికి వెళుతోంది. పక్క చేలో ఎవరైనా మందు కొట్టే పంపు వీపుకి తగిలించుకుంటే చాలు, వాసన రాకముందే కాళ్లలో సత్తువ పోయి గట్టు మీద కూలబడుతోంది. గాలి సోకిందని కొందరు, పని ఎగ్గొడుతోందని మేస్త్రి.

భర్త ఎలా పోయాడని నేను అడగలేదు. ఆ సంగతి పోలీసులకి చెప్పింది, ఆసుపత్రిలో చెప్పింది, ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయాధికారి ఉన్న త్రిసభ్య కమిటీకి చెప్పింది, అప్పులిచ్చినవాళ్లకి చెప్పింది. అందరూ నిజమో అబద్ధమో తేల్చుకోడానికే అడిగారు. నేను ఇంకొక విచారణాధికారిని కాకూడదు. గాయపడినవాళ్లకి మొదట భద్రత, తలచుకుని ఏడవడం ఆ తర్వాత, మళ్లీ నలుగురిలోకి రావడం ఆపైన అని మానసిక వైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లోనే రాసింది. ఆ వరస తిరగబడితే మనిషి మళ్లీ అదే రోజులోకి జారిపోతుంది.

వాసన వచ్చినప్పుడు ఏం చేయాలన్నదే ఇవాళ మాట్లాడుకున్నాం. కాలి కింద మట్టిని గట్టిగా నొక్కడం, కంటికి కనబడేవాటి పేర్లు పైకి చెప్పడం. "నిమ్మకాయ కొంగున కట్టుకెళతా, అది వాసన చూసుకుంటా" అని తనే అంది. నేను చెప్పినవాటికంటే అదే బాగుంది.

లేవబోతూ అడిగింది: "నాకూ ఒక్కోసారి పోదామనిపిస్తది. చెప్తే కేసు పెడతారా మేడమ్?" పెట్టరని చెప్పాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆ ప్రయత్నం చేసిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలి, శిక్షించకూడదు, ఆదుకునే బాధ్యత ప్రభుత్వానిది. తర్వాత సూటిగా అడిగాను, ఇంట్లో మందు డబ్బాలేమైనా ఉన్నాయా అని. కొట్టంలో ఉన్నాయంది. వెంట వచ్చిన మామగారిని లోపలికి పిలవడానికి ఆమె ఒప్పుకుంది.

ఆయన విని చాలాసేపు మాట్లాడలేదు. 1987లో తెల్లదోమ పత్తిని తినేసినప్పుడు గుంటూరు, ప్రకాశం పల్లెల్లో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. వాళ్లలో ఆయన తమ్ముడొకడు. ఆ మాట కోడలితో ఎన్నడూ అనలేదట. "అప్పుడు మమ్మల్నెవరూ అడగలా అమ్మా" అన్నాడు. ఇవాళే డబ్బాలు కొట్టులో తిరిగిచ్చేస్తానన్నాడు. ప్రభుత్వ మానసిక సహాయ లైను టెలిమానస్ నంబరు 14416 పెద్ద అంకెలతో రాసి ఇద్దరికీ ఇచ్చాను. ఏ అర్ధరాత్రయినా తెలుగులోనే మాట్లాడతారు. రేపు పొద్దున నేనే ఆమెకి ఫోన్ చేయాలి.

ఫిబ్రవరి 16, ఆదివారం

పిల్లాడి తల్లి ఏడో తరగతి వరకే చదివింది, నోటుపుస్తకం మాత్రం పొందిగ్గా రాసింది. కట్టర్ నడిచిన రాత్రులే తల కొట్టుకున్న రాత్రులు. అయితే కట్టర్ ఆగిన రోజుల్లో కూడా రెండు సాయంత్రాలు విడిగా కనబడుతున్నాయి, ఒక ఆదివారం, ఒక మంగళవారం. ఆ రోజుల్లో ఏం జరిగిందంటే నాయనమ్మ దిష్టి తీసిందంది. ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేస్తుంది. ఘాటు వస్తే దిష్టి లేనట్టు, రాకపోతే ఉన్నట్టు.

"ఆ పూట వాళ్ల నాన్న కూడా ఇంట్లో ఉండడు మేడమ్. చెప్పులేసుకుని హైవే మీదకి పోతాడు. ఆయనకి పట్టదు" అంది. నాకెందుకో అది పట్టకపోవడం అనిపించలేదు. వచ్చేటప్పుడు ఆయన్నీ అత్తగారినీ కూడా రమ్మన్నాను.

మార్చి 2, ఆదివారం

ఊరంతా మిరప ధర గురించే. మార్కెట్ జోక్యం పథకం కింద కేంద్రం క్వింటాలుకి 11,781 రూపాయలు ప్రకటించింది. అది కౌలుదారు దాకా వస్తుందా అన్నదే అందరి ప్రశ్న. ఈ ఊళ్లో నిద్ర పట్టనివాళ్లతో మాట్లాడేటప్పుడు ధర సంగతి తెలియకుండా కూర్చోకూడదు. వడ్డీ తగ్గించే వైద్యం నా దగ్గర లేదు. వడ్డీ గురించి భయపడటం జబ్బు కాదని చెప్పగలను, చెబుతాను.

నిమ్మకాయామె ఈ వారం రోజూ కోతకి వెళ్లింది. ఒక రోజు గట్టు మీద కూర్చుందట, లేచి మళ్లీ సాలులోకి వెళ్లిందట.

పిల్లాడి తల్లి వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ గురించి అడిగింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. పింఛను ఇప్పుడు నెలకి 6,000. తప్పకుండా తీసుకోమన్నాను, అది వాళ్ల హక్కు. సర్టిఫికెట్ ఇచ్చేది ప్రభుత్వాసుపత్రి బోర్డే అయినా, అక్కడ ఏమడుగుతారో ముందే తెలిస్తే మంచిదని ఆటిజాన్ని కొలిచే ఐసా ప్రశ్నలు వివరించాను. వాటిని సికింద్రాబాద్‌లోని మానసిక వికలాంగుల జాతీయ సంస్థ తయారుచేసింది. నలభై అంశాలు, ఒక్కోదానికి ఒకటి నుంచి అయిదు మార్కులు, మొత్తం 70 లేదా ఆపైన వస్తే ఆటిజం. పనికొచ్చే కొలతే. కానీ చాలా అంశాలు పిల్లాడిలో లేనిదాన్నో, లోపాన్నో అడుగుతాయి: కళ్లలోకి చూడడా, నలుగురితో కలవడా. ఒక తల్లి వరసగా అవన్నీ వినాలి. అందుకని ముందు ఒక తెల్లకాగితం తీసి వాడికి ఏమిష్టమో అడిగాను. స్లాబుల మీద చెయ్యి పెట్టి నిలబడతాడు. బియ్యంలో వేళ్లు ఆడిస్తాడు. లారీల నంబర్లు ఒకసారి చూస్తే మరిచిపోడు, అట్టల మీద రాస్తాడు. మాటలు రావన్న పిల్లాడు అంకెలు రాస్తున్నాడు! మనకి వాడు ఎంత అర్థం కాడో వాడికి మనమూ అంతే అర్థం కామని పరిశోధకుడు డామియన్ మిల్టన్ 2012లో రాశాడు. ఆయనా ఆటిజం ఉన్న మనిషే. లారీ నంబర్లతోనే మొదలుపెడదాం.

మార్చి 9, ఆదివారం

పిల్లాడి తల్లి, తండ్రి, నాయనమ్మ ముగ్గురూ వచ్చారు. తండ్రి పాలిషింగ్ యూనిట్‌లో ఆపరేటరు. తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాడు. రాయి మీద తడితే లోపల పగులుందో లేదో చెప్పగలడని భార్య అంది. కట్టర్ దగ్గర చెవుల్లో దూది పెట్టుకుంటాడట.

దిష్టి తీసే పూట ఎక్కడికి వెళతారని అడిగి, చెప్పడం ఇష్టం లేకపోతే మానేయమన్నాను. గోడ వంకే చూస్తూ చెప్పాడు. చిన్నప్పుడు తను పిలిస్తే పలికేవాడు కాదట. మొండి అన్నారు. తలుపు మూసి మిరపకాయల పొగ పెట్టారు. ఒకసారి కాదు. "ఇప్పటికీ ఆ వాసనొస్తే నాకు ఊపిరాడదు. వీడిని ఎత్తుకుని పోదామనుకుంటా, కాళ్లు ఒక్కణ్ణే తీసుకుపోతాయి."

భార్య ఆయన వంక తిరిగింది. ఇన్నేళ్లూ ఆ మనిషికి కొడుకంటే పట్టదనుకుంది.

పొగ పెట్టింది ఆ పెద్దావిడే. నేను ఆమె వైపు వేలు చూపిస్తే ఆ కుటుంబం ఇంకెప్పుడూ ఈ మెట్లెక్కదు, చూపించాలని నాకూ లేదు. పిల్లాడు పలకకపోతే ఆ రోజుల్లో మీకేం భయమేసేదమ్మా అని అడిగాను. "ఎర్రోడంటారని. పెళ్లి కాదని. అందరూ పెడతన్నారని నేనూ పెట్టా" అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఈ ప్రాంతంలో తేడా వేరు, గాయం వేరు అని నా పని రెండు ముక్కలుగా ఎప్పుడూ రాదు. తేడాగా పుట్టిన పిల్లాడికే దెబ్బలెక్కువ, పొగ ఎక్కువ. పెద్దయ్యాక వాడి తేడా ఏదో, వాడి గాయం ఏదో విడదీయలేనంతగా కలిసిపోతాయి. అందుకే కుటుంబమంతటినీ కూర్చోబెట్టక తప్పదు.

దిష్టి మానమని చెప్పలేదు. మనవడి మీద ఆమెకున్న ప్రేమ ఆ గుప్పిట్లోనే ఉంది. మిరపకాయలొద్దు, కళ్లుప్పు తిప్పి నీళ్లలో వేయగలరా అన్నాను. "ఉప్పుతో కూడా తీస్తారు, మా అమ్మ అట్టానే తీసేది" అంది.

మార్చి 23, ఆదివారం

పొగ ఆగింది. కట్టర్ ఆగదు. పిల్లాడి మంచం వెనకగదికి మార్చారు, కిటికీకి బొంత కట్టారు, శబ్దం తగ్గించే హెడ్‌ఫోన్ రాత్రి పూట పెట్టుకుంటున్నాడు. తల కొట్టుకోవడం తగ్గింది, పోలేదు. ఇల్లు మారే ఆలోచన ఉంది. అద్దె కుదరాలి.

తండ్రి విడిగా ఫోన్ చేశాడు. తనకీ పరీక్ష చేస్తారా అని అడిగి, "సర్టిఫికెట్టేం వద్దు మేడమ్, నేనేందో నాకు తెలియాల" అన్నాడు. చేస్తానన్నాను. షిఫ్టు దిగాక వస్తాడు. ఆ పూట రోడ్డు వైపు కిటికీ మూయాలి. భార్య లోపలుండాలా వద్దా అన్నది ఆయనే చెప్పాలి. ప్రశ్నలు ముందే కాగితం మీద రాసి పంపిస్తే, ఇంట్లో తీరిగ్గా చదువుకుని వస్తానన్నాడు. రేపు రాయాలి.