బూతుచిత్రమును బుద్ధిమాటయు

గడచిన శీతకాలమున, న్యూజెర్సీ రాష్ట్రములోని ఎడిసను పట్టణమందు, మా అక్కగారి యింట ఒక రాత్రి జరిగిన వివాదమును గూర్చి వ్రాయుచున్నాను. వివాదమునకు కారణము ఒక చలనచిత్రము. ఆ చిత్రములోని భాషకును నేనిప్పుడు వ్రాయుచున్న భాషకును గల దూరము ఆకాశపాతాళముల నడిమి దూరము. అయినను దానిని గూర్చి చెప్పక యుండలేను. ఏలయన, ఆ రాత్రి నేనొకనికి బుద్ధి చెప్పబోయి నేనే బుద్ధి తెచ్చుకొని వచ్చితిని.

సంగతి యిది. నా మేనల్లుడు కళాశాల చదువును రెండవయేట మానివైచి, ఒక అంగడిలో డబ్బుపెట్టె యొద్ద నిలుచు పనిలో చేరి యేడాది దాటినది. నాటినుండి మా బావగారు వానితో మాటలాడుట మానిరి. “తమ్ముడూ, వాడు నీ మాట వినును. ఒకసారి వచ్చి చెప్పిపొమ్ము” అని అక్క పిలువగా పోయితిని. భోజనములైన పిదప వాడు, “మావయ్యా, నీవు చెప్పదలచినది తరువాత చెప్పుదువుగాని, ముందు ఈ చిత్రమును నాతో కూర్చుండి చూడుము” అనెను. అది 1994వ సంవత్సరమున వెలువడిన ‘క్లర్క్స్’ అను చిత్రము.

దీనిని తీసిన కెవిన్ స్మిత్ ఆ రాష్ట్రమువాడే. లియొనార్డో అను చిన్నయూర ఒక చిల్లరకొట్టున గుమాస్తాగా నుండి, పగలు సరకులమ్మిన కొట్టులోనే రాత్రులు చిత్రము తీసెను. అప్పటికి వానికి ఇరువదిరెండేండ్లు. వ్యయము 27,575 డాలర్లు. తాను కూర్చుకొన్న బొమ్మలకథల పుస్తకముల నమ్మియు, క్రెడిట్ కార్డులపై అప్పు తెచ్చియు ఆ సొమ్ము సమకూర్చుకొనెను. చిత్రమున రంగులు లేవు, తెలుపు నలుపులే. పగటికథను రాత్రి తీయవలసి వచ్చుటచేత కొట్టు ముందరి యినుపతలుపులు తెరచుటకు వీలులేదు. అందుకై, తాళములలో నెవరో చూయింగ్ గమ్ కూరిరని కథలో కల్పించి, కొట్టు తెరచియే యున్నదని ఒక దుప్పటిపై బూట్ల పాలిషుతో వ్రాయించి వ్రేలాడగట్టించెను.

కథ యనదగిన కథ లేదు. డాంటే యను గుమాస్తా సెలవునాడు పనికి రప్పింపబడి, ఆనాడు తానచట నుండవలసినవాడు కాడని దినమెల్ల వాపోవుచుండును. ప్రక్కనున్న వీడియో టేపుల కొట్టులో పనిచేయు వాని చెలికాడు రాండల్, తన కొట్టు విడిచివచ్చి, వచ్చిపోవువారినెల్ల దూషించుచుండును. తనకు టేపు కావలసివచ్చినపుడు మాత్రము వేరొక పెద్ద కొట్టునకు పోయి తెచ్చుకొనును. ఇద్దరును కొట్టు మూసి కప్పుపై కెక్కి హాకీ యాడుదురు. మరల మూసి యొక యంత్యక్రియకు పోయి, అచ్చట శవపేటికను పడద్రోసి వత్తురు. రాండల్ నాలుగేండ్ల పిల్లకు సిగరెట్టులమ్మగా అయిదువందల డాలర్ల జరిమానా డాంటే నెత్తిన పడును. నడుమ నడుమ సంభాషణలు. వానిలో నీ పుటలపై వ్రాయదగినవి మిక్కిలి తక్కువ.

పది నిమిషములు గడవకమున్నే బావగారు లేచిరి. “ఇది చిత్రమా, చెత్తకుండియా? ఇట్టివి చూచియే వీడు చెడినాడు” అని ప్రక్కగదిలోనికి పోయిరి. ఆస్పత్రిలో నర్సుగా పనిచేయు నా మేనకోడలు సగమువరకు కడుపుబ్బ నవ్వెను. పిదప ఒక ఘట్టమున ఆమె మొగము మారెను. చీకటిగదిలో నొక స్త్రీ, తన ప్రియుడనుకొని శవమును చేరి, సత్యము తెలిసి మతి చెదరి, కొనిపోబడు ఘట్టమది. “మావయ్యా, నేను ప్రతిరాత్రియు అట్టి మొగములను చూచుచున్నాను. అచట నవ్వు రాలేదు” అనెను. మేనల్లుడు మాత్రము, “నా దినమును ఉన్నదున్నట్లు చూపిన చిత్రము నాకిదియొక్కటే దొరికినది” అనెను.

ఒక్క యింట పుట్టిన యీ మూడు తీర్పులును ఆ చిత్రమునకు లోకమిచ్చిన తీర్పులే. 1994లో సండాన్సు ఉత్సవమునను, కాన్ ఉత్సవమునను దానికి బహుమానములు లభించినవి. ఆ యేడే అమెరికా చిత్రపరీక్షకులు, అందు నగ్నతగాని హింసగాని లేకున్నను, మాటలనుబట్టియే పదునేడేండ్లలోపువారెవరును చూడరాదని ముద్రవేసిరి. అలన్ డెర్షొవిట్జ్ అను పేరుమోసిన న్యాయవాది పక్షమున నుండగా అప్పీలు జరిగి, ఒక్క మాటయు కత్తిరింపబడకయే ఆ ముద్ర సడలినది. 2019లో నాదేశపు జాతీయ చలనచిత్ర పట్టికలో, కాపాడదగినదని, దానిని చేర్చిరి. నాడు వెగటుపడినవారు నేటికిని వెగటుపడుచునే యున్నారు. ప్రేమించినవారు సంభాషణలు కంఠస్థము చేసి తిరుగుచున్నారు.

నేను మొదట బావగారి పక్షమువాడనే. గిరీశమును చూచి నవ్వి పెరిగిన నేను, ‘కన్యాశుల్కము’లోని సోమరికి నీతి కలదనియు, ఈ సోమరులకు లేదనియు చెప్పుటకు సిద్ధపడుచుంటిని. ఇంతలో డాంటే, పదియవసారియో పదునొకండవసారియో, తానిచట నుండవలసినవాడు కాడని మొరపెట్టెను. ఆ మాట నాకెక్కడనో తగిలినది.

2001లో అక్క పత్రములు పెట్టగా నేనా దేశమునకు పోయి, రెండేండ్లు ఒక పెట్రోలు బంకున పనిచేసితిని. వాహనదారు తన చేతులతో పెట్రోలు పోసికొనరాదను చట్టము ఆ రాష్ట్రమున 1949నుండి కలదు. కావున నావంటివారికి పని దొరకుచుండెను. నేను తెలుగులో ఎం.ఏ. పట్టము పొందినవాడను. ఆ సంగతి అడిగినవారికిని అడుగనివారికిని చెప్పుచుంటిని. ఒక రాత్రి మంచు కురియుచుండగా ఒక ముసలామె వచ్చి, పాలును రొట్టెయు కొని, సంచిని కారువరకు తెచ్చి పెట్టుమని కోరెను. “అది నా పని కాదు” అంటిని. నాతో పనిచేయు పెద్దాయన, గుజరాతీయుడు, పదునొకండేండ్లుగా నచటనే యున్నవాడు, ఏమియు ననక సంచి నందుకొని, ఆమె మోచేయి పట్టుకొని, మంచులో నడిపించుకొని పోయెను. ఆయన తన చదువెంతయో నాకెన్నడును చెప్పలేదు. నేను నడుగలేదు.

చిత్రము ముగియవచ్చినపుడు, అంతవరకు బూతులు తప్ప పలుకని రాండల్ చెలికానిపై విరుచుకొని పడెను. నీవేదో లోకభారమును మోయుచున్నట్లు నటించుచున్నావు. మనము చేయు పని కోతియైనను చేయగలదు. వచ్చినవారికంటె మనము గొప్పవారమైనచో ఇచటనే యేల పడియున్నాము? అని యా మాటల సారము. అన్నము తెచ్చిపెట్టి చదువుకొమ్మని బ్రతిమాలిన పిల్లను డాంటే నిలుపుకొనలేకపోయినాడు. తనకు నచ్చని పనిని విడువలేదు, చక్కగా చేయనును లేదు. సంస్కర్తలు వ్రాసిన యే నీతికథలోను సోమరి కింతటి చీవాట్లు తగులుట నేను చూడలేదు. వానిని పెట్టినవాడు మరియొక సోమరి యగుటచేత అవి గ్రుచ్చుకొన్నవి.

చదువరులారా, బూతును మెచ్చుకొమ్మని నేను చెప్పుటలేదు. చీకటిగది ఘట్టమును గూర్చి నా మేనకోడలి తీర్పే నా తీర్పు. నిరపరాధిని యొక్కతె చితికిపోవుటను హాస్యమనలేను. ఆ మచ్చ చిత్రమునకు పోదు. కాని మాటల మురికిని చూచి ముక్కు మూసికొన్నవారు, ఆ మురికి నడుమ నున్న మందలింపును వినరైరి. మాటలు వల్లించి మురిసినవారు దానిని విని నవ్వి మరచిరి. డాంటేవలె ఒక బల్ల వెనుక నిలిచిన గుమాస్తా, డాంటేవలె వాపోవక, నిద్ర మానుకొని రాత్రులలో ఆ చిత్రమును తీసెనను సంగతి యిరువురకును పట్టలేదు.

ఇది మేనల్లునికి చెప్పి, “ఆ చీవాట్లు నీవు విన్నావా?” అని యడిగితిని. వాడు చాలసేపు తల వంచుకొని, “అవి వినుటకే మావయ్యా, నేను దీనిని మరల మరల పెట్టుకొనుచున్నాను” అనెను. నేను చెప్పవచ్చిన హితబోధ యంతయు నా నోటనే యుండిపోయినది. పెట్రోలు బంకు నాటి సంగతిని మాత్రము దాచక చెప్పితిని. గుమ్మమున అలికిడి కాగా తలయెత్తి చూచితిని. బావగారు నిలుచుండి యుండిరి. ఎంతసేపటినుండియో తెలియదు.

తెల్లవారి అయిదుగంటలకు వాడు పనికి పోవలెను. రాత్రియంతయు మంచు పడినది. వాడు బయటికి వచ్చునప్పటికి బావగారు చేతితొడుగులు వేసికొని వాని కారు అద్దముపై మంచును గీకుచుండిరి. “బ్రేకులు జాగ్రత్త, దారి జారుచున్నది” అనిరి. వాడు “సరే నాన్నా” అనెను. చదువు మాట యెవ్వరు నెత్తలేదు.