తప్పుల గడి

ముప్పై నాలుగేళ్ళపాటు ఎర్రసిరాతో కాపురం చేసినవాణ్ణి నేను. యతిభంగం, ప్రాసభంగం, ఒత్తు ఉండవలసిన చోట లేకపోవడం, అక్కరలేని చోట ఉండడం – ఇవన్నీ అన్నంలో రాయి పంటికి తగిలినట్టు నా కంటికి తగిలేవి. అటువంటివాడికి అరవై నిండాక బేస్‌బాల్ మీద, దానికి తోడు ఒక రాక్ సంగీత బృందం మీద మోజు పుట్టిందంటే తెనాలి వైపు నా మిత్రులు నమ్మడం లేదు. "మేష్టారూ, ప్రబంధాలు పక్కన పెట్టి ఈ కర్రాబిళ్ళ ఆటేమిటండీ!" అని ఒకాయన ఫోనులో అడిగారు కూడా. ఆయనకు అప్పుడు సరైన సమాధానం చెప్పలేకపోయాను. ఇక్కడ చెప్పుకుంటాను.

2018 వేసవిలో, పదవీ విరమణ చేసిన కొద్ది రోజులకే, మా ఆవిడతో కలిసి బోస్టన్ పక్కన వాల్థాంలో ఉంటున్న మా అబ్బాయి ఇంటికి వెళ్ళాను. వెళ్ళిన రెండో వారంలోనే వాడు నన్ను ఫెన్‌వే పార్కుకు తీసుకుపోయాడు. 1912 ఏప్రిల్ 20న తెరిచిన మైదానం అది. ఇరుకు కుర్చీలు, అడ్డం వచ్చే స్తంభాలు. ఎడమవైపు ముప్పై ఏడడుగుల పైచిలుకు ఎత్తున పచ్చరంగు గోడ ఒకటి ఉంది. దానిని 'గ్రీన్ మాన్‌స్టర్' అంటారు, పచ్చ రాకాసి అనుకోండి. ఆ గోడ అడుగు భాగంలో స్కోరుబోర్డు. ఇంత సాంకేతిక ప్రగతి సాధించిన దేశంలో, ఆ బోర్డు మీది అంకెలను ఈనాటికీ గోడలో కూర్చున్న మనుషులే చేత్తో పలకలు తగిలించి మారుస్తారు. నాకు మా బడిలో నల్లబల్ల గుర్తుకు వచ్చింది.

ఆ బోర్డు చివర మూడు గడులు ఉన్నాయి. మొదటిది పరుగులు. రెండోది హిట్లు. మూడోదాని మీద ఆంగ్లాక్షరం 'ఇ' ఉంది. అదేమిటని అడిగాను. "ఎర్రర్లండీ నాన్నగారూ. ఫీల్డింగులో ఏ జట్టు ఎన్ని తప్పులు చేసిందో లెక్క" అన్నాడు మావాడు.

నేను నిశ్చేష్టుణ్ణి అయ్యాను. మన క్రికెట్ స్కోరుబోర్డు మీద జారవిడిచిన క్యాచ్‌కు చోటు లేదు. అది కామెంటేటరు నోట పుట్టి ప్రేక్షకుల గుండెలో అణగిపోతుంది. ఇక్కడ ముప్పై వేల మందికి పైగా జనం ఎదుట, పరుగుల పక్కనే తప్పుల గడి! నా వృత్తినంతా ఎవరో గోడకెక్కించినట్టు అనిపించింది.

ఆటను అర్థం చేసుకోవడానికి నాకు దారి చూపింది కూడా లెక్కే. స్కోరు రాసే కార్డు ఒకటి కొనుక్కుంటే అందులో ప్రతి ఆటగాడి స్థానానికీ ఒక అంకె ఉంటుంది. బంతి విసిరేవాడు 1, వెనక పట్టేవాడు 2, మొదటి బేస్ కాపరి 3, ఇలా కుడివైపు దూరాన నిలబడేవాడు 9. నేలబారుగా వచ్చిన బంతిని 6వ వాడు అందుకుని మొదటి బేస్‌కు విసిరి ఔట్ చేస్తే 6-3 అని రాస్తారు. మూడు స్ట్రైకులకు ఔటైతే 'కె'. ఒక పూట ఆటంతా అరఠావు కాగితంలో ఇమిడిపోతుంది. గురువుకు ఒక గుర్తు, లఘువుకు ఒక గుర్తు పెట్టి సీసపద్యాన్ని గణవిభజన చేసే అలవాటున్న నాకు ఇది కొత్త విద్యలా కనిపించలేదు. నాలుగో ఇన్నింగ్స్ వచ్చేసరికి మావాడి చేతిలో నుంచి కార్డు లాక్కుని నేనే రాయడం మొదలుపెట్టాను.

ఆ తరువాత నిబంధనలు చదివాను. పండితుడన్నాక లక్షణగ్రంథం చూడకుండా ఎలా ఉంటాడు? తప్పు అవునా కాదా అని తేల్చడానికి ప్రతి ఆటకూ ఒక అధికారి ఉంటాడు. ఆయన కొలబద్ద 'సామాన్య ప్రయత్నం'. సామాన్య ప్రయత్నంతో అందవలసిన బంతి అందకపోతే తప్పు. అసాధారణమైన పరుగు పెట్టీ అందుకోలేకపోతే తప్పు కాదు, కొట్టినవాడి ప్రతిభగా రాస్తారు. ఈ ఒక్క మాట నా బోటివాడికి ఉద్యోగంలో చేరిన రోజున ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. కష్టపడి ఉత్పలమాల అల్లబోయి గణం తప్పిన పిల్లవాడికీ, సొంత ఊరి పేరును తప్పుగా రాసిన పిల్లవాడికీ నేను ఒకే ఎర్రగీత గీశాను. ఇంకొక నియమం మరీ విచిత్రం. చేతితో చేసిన తప్పే లెక్కలోకి వస్తుంది. బుద్ధి పొరపాటు, అంటే ఏ బేస్‌కు విసరాలో తప్పుగా తలచడం వంటిది, ఆ గడిలోకి రాదు. ఈ సంగతి దగ్గరకు మళ్ళీ వస్తాను.

ఇక బ్యాటింగు వైపు చూస్తే, పదిసార్లలో మూడుసార్లు హిట్ కొడితే మంచి ఆటగాడు. ఫెన్‌వేలో దేవుడిలా కొలిచే టెడ్ విలియమ్స్ 1941లో సాధించిన సగటు .406. అంటే పదింట ఆరుసార్లు విఫలుడే. ఆ ఏడు చివరి రోజున ఆయన సగటు .39955. ఆడకుండా కూర్చుంటే దానిని .400గా సవరించి రాసేవారు. ఆయన కూర్చోలేదు. ఆ రోజు రెండు ఆటలూ ఆడి ఎనిమిదింట ఆరు హిట్లు కొట్టాడు. ఆ తరువాత అమెరికన్, నేషనల్ లీగుల్లో పూర్తి సీజను ఆడి .400 అందుకున్నవాడు లేడు. నా తరగతిలో నూటికి నలభై వస్తే తండ్రిని పిలిపించేవాణ్ణి.

సరే, తప్పుల ప్రస్తావన వచ్చింది గనుక బిల్ బక్‌నర్ గురించి చెప్పక తప్పదు. బోస్టన్ రెడ్ సాక్స్ జట్టు 1918 తరువాత వరల్డ్ సిరీస్ గెలవలేదు. 1986 అక్టోబరు 25న న్యూయార్క్‌లో ఆరో ఆట. పదో ఇన్నింగ్స్‌లో బోస్టన్‌కు రెండు పరుగుల ఆధిక్యం. ఎదుటివారికి ఇద్దరు ఔట్, బేసుల మీద ఎవరూ లేరు. ఒక్క ఔటు చాలు. అక్కడి నుంచి వరుసగా మూడు హిట్లు, ఆపైన ఒక అదుపు తప్పిన బంతి. స్కోరు సమమైపోయింది. అప్పుడు మూకీ విల్సన్ కొట్టిన నేలబారు బంతి మొదటి బేస్ దగ్గర బక్‌నర్ కాళ్ళ సందున దూరి వెళ్ళిపోయింది. ఆట పోయింది. ఇంకొక ఆట మిగిలే ఉంది. అందులో మూడు పరుగుల ఆధిక్యం తెచ్చుకుని కూడా బోస్టన్ ఓడింది. కానీ జనం ఆ ఏడో ఆటను మరచిపోయారు, అదుపు తప్పిన బంతినీ మరచిపోయారు. చీలమండల నొప్పితో కుంటుతూ ఆడిన బక్‌నర్ ఒక్కడే మిగిలాడు. మొత్తం 2,715 హిట్లు కొట్టిన మనిషి, ఆ ఏడే 102 పరుగులు చేయించిన మనిషి, ఒక్క అక్షరదోషంగా మిగిలిపోయాడు. తరువాత ఆయన దూరాన ఐడహో రాష్ట్రానికి కాపురం మార్చుకున్నాడు.

గోడ మీద ఆ రోజు తప్పుల గడిలో పడింది ఒక అంకె మాత్రమే. ఆటగానే లెక్క ముగిసింది. తరువాతి ఇరవై ఏళ్ళూ రాసినవి మనుషుల నోళ్ళు.

ఇప్పుడు సంగీతం. మొదటిసారి ఫెన్‌వేకు వెళ్ళిన ఆ రోజున ఇన్నింగ్స్‌ల మధ్య ఆర్గన్ మీద ఏదో పాట వినిపించింది. పక్కన మావాడు అప్రయత్నంగా కూనిరాగం అందుకున్నాడు. రెండు చరణాలు కాకముందే చటుక్కున ఆపి నా వైపు చూశాడు. ముప్పై నాలుగేళ్ళ మగవాడు, ఒక బిడ్డ తండ్రి. తరగతిలో మాట్లాడుతూ దొరికిపోయిన పిల్లవాడిలా చూశాడు. నాకు ఆ పాట తెలియదు. ఆ చూపు మాత్రం తెలుసు.

అది 2000వ సంవత్సరం. మావాడు ఇంటర్ రెండో ఏడు. వాడి స్నేహితుడి అన్న అమెరికా నుంచి ఒక క్యాసెట్ తెచ్చి ఇచ్చాడు. అట్ట మీద గిటార్ల ఆకారంలో అంతరిక్షనౌకలు. పేరు 'బోస్టన్'. ఆ రోజు వాడికి యూనిట్ టెస్టులో మార్కులు తగ్గాయి. రాత్రి వాడు అది వింటూ కనిపించాడు. నేను క్యాసెట్ తీసి, గోధుమరంగు టేపు మొత్తం బయటికి లాగి, "ఈ కేకలు వినేవాడి చేత ఏ పనీ తిన్నగా కాదు" అన్నాను. మర్నాడు తెల్లవారుజామున లేచి చూస్తే వాడు అరుగు మీద కూర్చుని, పెన్సిలు దూర్చి ఆ టేపును మెల్లగా చుడుతున్నాడు. రెండుచోట్ల తెగింది. నేను గుమ్మంలో నిలబడి చూసి, లోపలికి వెళ్ళిపోయాను. వాడికి ఆ ఊళ్ళోనే ఉద్యోగం రావడం యాదృచ్ఛికమే. నేను మాత్రం ఎన్నడూ యాదృచ్ఛికమనుకోలేకపోయాను.

ఫెన్‌వే నుంచి వచ్చిన మర్నాడు నడుచుకుంటూ గ్రంథాలయానికి వెళ్ళి ఆ ఆల్బమ్ సీడీ తెచ్చుకున్నాను. మొదటి పాట 'మోర్ దేన్ ఎ ఫీలింగ్'. నిశ్శబ్దంలో నుంచి గిటారు తీగలు ఒక్కొక్కటే దగ్గరకు వస్తాయి, దూరాన ఊరేగింపు వినిపించినట్టు. గాయకుడు బ్రాడ్ డెల్ప్. మంద్రంలో మాట్లాడినట్టు మొదలుపెట్టి, ఒకచోట తారస్థాయికి ఎక్కి స్వరాన్ని నిలబెడతాడు. అది ఎక్కడ ముగిసిందో, గిటారు ఎక్కడ అందుకుందో చెప్పలేము. నేను తెనాలి ప్రాంతంలో పద్యనాటకాలు చూస్తూ పెరిగినవాణ్ణి. పద్యం చివర రాగం తీసి, హార్మోనియం ఆ రాగాన్ని అందుకునే క్షణానికి జనం 'ఒన్స్‌మోర్' అని లేచేవారు. అదే క్షణం ఇక్కడ ఉంది. ఇన్నాళ్ళూ నేను కేకలన్నది దీనినా?

ఈ బృందానికి కర్త టామ్ షోల్జ్. ఊరి పేరు పెట్టుకున్నాడు గానీ పుట్టింది ఒహాయోలో. ఎం.ఐ.టి.లో మెకానికల్ ఇంజనీరింగు చదివి పోలరాయిడ్ సంస్థలో ఉద్యోగం చేస్తూ, రాత్రులు వాటర్‌టౌన్‌లో ఇంటి నేలమాళిగలో పాటలు రికార్డు చేసుకునేవాడు. ఆ వాటర్‌టౌన్ మావాడి ఊరికి ఆనుకునే ఉంది. చాలా వాద్యాలు తానే వాయించి, నచ్చకపోతే తుడిచేసి మళ్ళీ వాయించేవాడు. 1976లో వచ్చిన ఆ మొదటి ఆల్బమ్ అమెరికాలోనే కోటీ డెబ్బై లక్షల ప్రతులకు పైగా పోయింది. రెండోది 1978లో వచ్చింది. తొందరపెట్టి విడుదల చేయించారని ఆయనకు అసంతృప్తి. మూడోదానికి ఎనిమిదేళ్ళు పట్టింది! దిద్దుతూనే ఉన్నాడు. నా గోత్రం మనిషి అనుకున్నాను. కానీ నిజం చెప్పాలంటే, అంత దిద్దిన మూడోదానికంటే నేలమాళిగలో పుట్టిన మొదటిదే నాకు రుచిస్తుంది.

ఆ మూడోది విడుదలైంది 1986 సెప్టెంబరులో. అందులోని 'అమాండా' పాట నవంబరులో అమెరికాలో ప్రథమస్థానానికి చేరింది. రెండింటి నడుమ, అక్టోబరులో, బక్‌నర్ కాళ్ళ కింద నుంచి బంతి పోయింది. ఎనిమిదేళ్ళు తప్పులు దిద్దుకోగలిగినవాడు ఒకడు, కన్నుమూసి తెరిచే వ్యవధి కూడా దొరకనివాడు ఒకడు. ఒకే శరత్తు, ఒకే ఊరి పేరు. నేను చాలాకాలం దీనిని గురించే ఆలోచించాను.

2004లో రెడ్ సాక్స్ ఎనభై ఆరేళ్ళ తరువాత గెలిచారు. 2007లో మళ్ళీ. 2008 ఏప్రిల్ 8న, ఫెన్‌వేలో ఆ ఏటి మొదటి ఆటకు ముందు తొలి బంతి విసరడానికి బక్‌నర్‌ను పిలిచారు. పచ్చగోడ వైపు నుంచి ఆయన ఒంటరిగా నడిచి వచ్చాడు. జనమంతా లేచి చప్పట్లు కొడుతూనే ఉన్నారు. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. ఆ దృశ్యాన్ని మావాడు కంప్యూటరులో చూపించాడు. పాతిక నిమిషాల్లో నాలుగుసార్లు చూశాను. బక్‌నర్ 2019లో పోయాడు. డెల్ప్ అంతకు ముందే, 2007లో వెళ్ళిపోయాడు.

మొన్న 2024 వేసవిలో మళ్ళీ వెళ్ళాము. మనవడికి పదేళ్ళు. వాడలోని పిల్లల జట్టులో షార్ట్‌స్టాప్, అంటే 6వ స్థానం. నేను మడతకుర్చీ వేసుకుని కార్డు రాస్తున్నాను. మూడో ఇన్నింగ్స్‌లో నెమ్మదిగా వచ్చిన బంతి వాడి కాళ్ళ సందున పోయింది. సామాన్య ప్రయత్నంతో అందవలసినదే. నా చెయ్యి ఆగిపోయింది. మావాడు మాత్రం కంచె దగ్గర నిలబడి రెండు చప్పట్లు చరిచి, "పరవాలేదు, వచ్చేదాన్ని చూడు" అన్నాడు. అంతే. ఈ మాట వాడు ఎవరి దగ్గర నేర్చుకున్నాడో గానీ నా దగ్గర మాత్రం కాదు.

ఆట అయ్యాక మనవడు పరుగెత్తుకుంటూ వచ్చి, "తాతయ్యా, నాది ఏమని రాశావు?" అన్నాడు. చూపించాను. 'ఇ-6' అని ఉంది. "కరెక్టే" అని, నా సంచిలోంచి నీళ్ళసీసా తీసుకుని తాగుతూ వెళ్ళిపోయాడు. గాయపడిన జాడ ఎక్కడా లేదు.

ఆ వారంలో కేంబ్రిడ్జిలో పాత రికార్డుల దుకాణానికి ఒంటరిగా వెళ్ళి, గిటారు నౌకల అట్ట ఉన్న ఆ క్యాసెట్ దొరికించుకున్నాను. సాయంత్రం మావాడి బల్ల మీద పెట్టాను. వాడు దానిని తిప్పి తిప్పి చూశాడు. చాలాసేపు ఏమీ అనలేదు.

"మీకు గుర్తుందా నాన్నగారూ?"

"ఉంది. పెన్సిలుతో చుట్టడం కూడా చూశాను. తప్పు నాదేరా" అన్నాను. అంత చిన్న వాక్యం నోట రావడానికి నాకు ఇరవై నాలుగేళ్ళు పట్టింది. షోల్జ్ నాకంటే చాలా నయం.

వాడు నవ్వాడు. "ఇంట్లో దీన్ని వినడానికి మిషన్ లేదండీ" అని, ఫోనులో పాట పెట్టాడు. గిటారు దూరం నుంచి రావడం మొదలైంది. డెల్ప్ గొంతు పైకి ఎక్కుతున్న చోట వంటింట్లోంచి మా ఆవిడ కేకేసింది: "తండ్రీకొడుకులు ఆ కేకలు కాస్త తగ్గిస్తారా!"

మేము తగ్గించలేదు.