నీళ్ళడగని మొక్కలు

ఫాల్గుణం దాటిందంటే మన గుంటూరు, ఒంగోలు వైపు ఇల్లాళ్ళకి రెండే లెక్కలు. కల్లంలో మిరపకాయలు ఎండాయా లేదా అన్నది ఒకటి, బిందెల్లో నీళ్ళు రేపటిదాకా వస్తాయా అన్నది రెండోది. రెంటచింతల ఎండల సంగతి ఏటా పేపర్లలో మీరూ చదువుతూనే ఉంటారు. ఇలాంటిచోట ఎవరైనా "ఇంటి ముందు నాలుగు మొక్కలు పెంచుకోండి" అని సలహా ఇస్తే ఒళ్ళు మండుతుంది. మనుషులకే చాలని నీళ్ళు మొక్కలకెక్కడివి అంటారు మా అత్తయ్య. ఆ మాటలో న్యాయం ఉంది. కానీ నీళ్ళు పెద్దగా అడగని మొక్కలు కూడా ఉన్నాయి కదా! కలబంద, రణపాల, నల్లేరు, గడ్డిగులాబి. వీటిని కొనక్కర్లేదు కూడా. ఒక ఆకో, ఒక కణుపో, ఒక పిలకో దొరికితే చాలు.

మా సంగతి చెప్తాను. చిలకలూరిపేట దగ్గర పల్లెలో కౌలుకి మిరప వేసేవాళ్ళం. 2021లో నల్ల తామరపురుగు వచ్చి మన మిరప తోటల్ని ఎలా ఊడ్చిపెట్టిందో మీలో చాలామందికి తెలుసు. పువ్వులో చేరి రసం పీల్చేసేది. పూత రాలిపోయేది, కాయ నిలిచేది కాదు. ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు. మాకు కౌలు డబ్బులు కూడా రాలేదు. మరుసటి ఏడు ఊరు వదిలి నరసరావుపేటలో రెండు గదుల అద్దె ఇంట్లోకి వచ్చేశాం. మా ఆయన ఒక కొట్లో పనికి కుదిరారు. అత్తయ్య మాత్రం మాటలు తగ్గించేశారు. నలభై ఏళ్ళు చేలో తిరిగిన మనిషి, పొద్దస్తమానం సిమెంటు మెట్టు మీద కూర్చుని వీధిలోకి చూస్తుండేవారు. పెడితే తినేవారు, పెట్టకపోతే అడిగేవారు కాదు.

సామాన్లతో పాటు గోనెసంచిలో ఒక కలబంద కూడా వచ్చింది. నెల రోజులు గోడవారన అలాగే ఉంది. ఒకరోజు అత్తయ్యే సంచి విప్పారు. ఆకులు ముడుచుకుపోయినా మొదలు పచ్చగానే ఉంది. పక్కనే మూడు పిలకలు! "దీనికి చావు లేదే అమ్మాయ్" అన్నారు. చాలా రోజుల తర్వాత ఆవిడ తనంతట తాను అన్న మొదటి మాట అదే. "ఇసుక ఎక్కడ దొరుకుద్దో చూడు" అన్నది రెండో మాట.

ఈ మొక్కలు ఇంత మొండివెలా అయ్యాయో తెలుసుకుంటే పెంచడం సులువు. మామూలు మొక్కలు పగలు ఆకుల్లోని సన్నటి రంధ్రాలు తెరిచి గాలి పీల్చుకుంటాయి. ఎండకి లోపలి తడి ఆ దారినే ఆవిరైపోతుంది. రణపాల లాంటివి ఆ రంధ్రాల్ని రాత్రిపూట తెరుస్తాయి. చల్లటి వేళ పీల్చిన గాలిని పులుపుగా మార్చి దాచుకుని, పగలు తలుపులు మూసుకుని వాడుకుంటాయి. అందుకే రణపాల ఆకు తెల్లవారుజామున పుల్లగా ఉండి మధ్యాహ్నానికి చప్పబడుతుంది. ఈ సంగతి మొదట లోకానికి చెప్పినవాళ్ళలో మన సామర్లకోట తోటలో కంపెనీ కొలువు చేసిన బెంజమిన్ హైన్ అనే ఆయన ఒకరు. ఆయన రాసిన ఉత్తరం 1815లో లండన్ లో అచ్చయింది.

ఇక పెంచే విధానం. మన నల్లరేగడి పత్తికి మంచిదే, వీటికి మాత్రం పనికిరాదు. వాన పడితే ఉబ్బి నీళ్ళు పట్టేస్తుంది, ఎండితే బీటలు వారి వేళ్ళు తెంపుతుంది. కాబట్టి ఒక పాలు మట్టికి రెండు పాళ్ళు ముతక ఇసుక, గుప్పెడు చితక్కొట్టిన ఇటుక ముక్కలు, కాస్త మాగిన పశువుల ఎరువు కలపండి. పగిలిన కుండైనా, పాత బకెట్ అయినా సరే, అడుగున బెజ్జం మాత్రం తప్పనిసరి. ఈ మొక్కలు ఎండకి చచ్చేకంటే అడుగున నిలిచిన నీళ్ళకి కుళ్ళి చచ్చేవే ఎక్కువ.

కలబందకి నాలుగైదు ఆకులున్న పిలకని వేళ్ళతో సహా విడదీసి, రెండు మూడు రోజులు నీడలో ఆరనివ్వాలి. తెగినచోట పొర కట్టాక నాటాలి. నాటాక వారం దాకా నీళ్ళు పోయకూడదు. ఆకు తుంచి గుచ్చితే కలబంద రాదు, కుళ్ళిపోతుంది. రణపాలకి అలా కాదు. ఆకుని తడి ఇసుక మీద పడుకోబెడితే చాలు, అంచున ఉన్న నొక్కుల్లోంచి పిల్లమొక్కలు వరసగా లేస్తాయి. గడ్డిగులాబికి మూడంగుళాల కొమ్మ గుచ్చితే వేళ్ళు పట్టేస్తుంది, ఎండ బాగా తగిలేచోట పెట్టండి. నల్లేరుకి రెండు కణుపుల ముక్క కోసి, ఆరబెట్టి, ఒక కణుపు మట్టిలో ఉండేలా నాటండి. పాకడానికి ఒక కర్రో, తాడో ఇవ్వండి.

వేసవిలో వారానికోసారి, చలికాలంలో పదిహేను రోజులకోసారి నీళ్ళు పోస్తే సరిపోతుంది. వానల్లో చూరు కిందకి జరపండి. బియ్యం కడిగిన నీళ్ళు చాలు. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే మట్టి మీద తెల్లటి పొర కడుతుంది. ఆ పైమట్టి తీసేసి కొత్తది వేయండి.

అన్నట్టు, నల్లేరు పచ్చడి రుచి చూశారా? పైనున్న లేత కణుపులే కోయాలి. చేతులకి నూనె రాసుకోండి, లేకపోతే దురద. అంచుల నార తీసి, చిన్న ముక్కలు చేసి, నూనెలో రంగు మారేదాకా బాగా వేయించాలి. మినప్పప్పు, జీలకర్ర, ఎండుమిరపకాయలు విడిగా వేయించి, వెల్లుల్లి, చింతపండు, ఉప్పు చేర్చి రోట్లో నూరండి. చింతపండు కాస్త ఎక్కువే పడాలి, దురదని అదే విరుస్తుంది. వేడన్నంలో నెయ్యి వేసుకుని తింటే ఇంకో కూర అక్కర్లేదు.

ఇప్పుడు కొన్ని జాగ్రత్తలు. ఇవి మాత్రం మర్చిపోవద్దు. పత్తి, మిరప పండే ఊళ్ళలో పురుగుమందు డబ్బాలు ఊరికే దొరుకుతాయి. ఎంత కడిగినా వాటిలో మొక్క పెట్టకండి, వాటితో నీళ్ళూ ముంచకండి. ముఖానికి రాసుకునే కలబంద, పచ్చడికి కోసే నల్లేరు అందులో పెరగడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. జెముడు జాతి మొక్కలు కోసేటప్పుడు పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. ఆ పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. వెంటనే మంచినీళ్ళతో చాలాసేపు కడిగి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. కలబంద కోసినప్పుడు కారే పసుపు పసరు విరేచనాలు చేస్తుంది, అది పూర్తిగా కారిపోయాకే గుజ్జు వాడండి. కిడ్నీలో రాళ్ళకని రణపాల ఆకులు రోజూ నమిలేవాళ్ళున్నారు. ఆ ఆకులో గుండె మీద పనిచేసే పదార్థాలున్నాయి. డాక్టర్ని అడక్కుండా తినొద్దు, మేకలకీ గేదెలకీ వేయొద్దు.

మిగిలిన ముక్కల్ని కాలవగట్టునో, చేలగట్టునో పారేయకండి. నాగజెముడు కథ వినలేదా? అమెరికా ఖండం నుంచి మన దేశానికొచ్చిన మొక్క అది. ఎర్ర రంగునిచ్చే పురుగుని పెంచడానికని కంపెనీవాళ్ళు మద్రాసులో దాన్ని సాగు చేశారు. తర్వాత ఆ జాతి కంచెలు దాటి దక్షిణాదిన పొలాలకి పొలాలు ఆక్రమించింది. చివరికి 1926లో సింహళం నుంచి ఇంకో పురుగుని తెచ్చి వదిలితే గానీ అదుపులోకి రాలేదు.

మా కలబంద మూడు పిలకలూ ఇప్పుడు పదిహేడు కుండీలయ్యాయి. మా కౌలు బాకీ ఇంకా పూర్తిగా తీరలేదు. మొక్కలు పెంచితే అప్పులు తీరతాయని నేను చెప్పను. కానీ వీధిలో ఆడపిల్లలు "అమ్మమ్మగారూ, ఒక పిలక ఇవ్వరూ?" అని వస్తే అత్తయ్య మెట్టు మీంచి లేస్తారు. ఎన్ని రోజులు ఆరబెట్టాలో చెప్తారు, రెండోసారి అడిగి ఒప్పజెప్పించుకుంటారు. పోయిన వారం వంటింట్లోకొచ్చి "ఇవాళ ఏం కూర చేశావే?" అని అడిగారు. ఇంట్లో పెద్దవాళ్ళు మౌనంగా కూర్చుండిపోతే ఎంత బరువుగా ఉంటుందో తెలిసినవాళ్ళకి ఆ ప్రశ్న విలువ నేను చెప్పక్కర్లేదు.

మీ ఇంట్లోనూ అలాంటివాళ్ళుంటే మాఘమాసంలోనే, ఎండలు ముదరకముందే, ఎవరినైనా అడిగి ఒక పిలక తెచ్చివ్వండి. నాటడం మాత్రం వాళ్ళ చేతనే చేయించండి.