పెసల పురుగు

పెసలకి గుండ్రటి కన్నాలు కనపడగానే డబ్బా మూత మీద నేరం మోపుతాం. చాలాసార్లు ఆ పురుగు చేలోంచే వస్తుంది. ముదిరిన కాయల మీదే గుడ్లు పెట్టి, నూర్పిడయ్యాక గింజలతోపాటు ఇంటికి చేరుతుంది. బియ్యంలోని ముక్కుపురుగుకి ఇది దగ్గరి చుట్టం కాదు. దీనికి ఆ పొడుగు ముక్కే ఉండదు, ఆకులు తినే పెంకుపురుగుల కుటుంబం దీనిది.

దీని తల్లి జాగ్రత్త చూస్తే నాకు నిజంగా ముచ్చటేస్తుంది. నున్నటి గింజ చూసుకుని గుడ్డుని జిగురుతో అంటిస్తుంది. అప్పటికే గుడ్డు ఉన్న గింజని వీలైనంతవరకు వదిలేస్తుంది. పిల్లపురుగు బయటి గాలి సోకకుండా, గుడ్డు అడుగు నుంచే గింజలోకి తొలుచుకుపోతుంది. తిండీ, పెరుగుదలా, ప్యూపా దశా అన్నీ ఆ ఒక్క పెసరగింజలోనే! బయటికొచ్చే చోట పొట్టుని మాత్రం పల్చటి కిటికీలా మిగుల్చుకుంటుంది. వేడి రోజుల్లో ఇదంతా నెలరోజుల పని. రెక్కలొచ్చాక డబ్బాలో ఏమీ తినకుండానే ఒకటి రెండు వారాలు బతుకుతుంది. లోపల తిన్న పప్పు బలంతోనే పదుల కొద్దీ గుడ్లు పెడుతుంది.

కిలో గింజలకి చెంచాడు వంటనూనె పట్టిస్తే గుడ్లకి ఊపిరాడదు. అసలు దెబ్బ విత్తనం దాచుకునే రైతుకి. తొలిచిన గింజ మొలవడం కష్టం, మొలిచినా బలంగా రాదు. కొనేటప్పుడు గింజల మీద తెల్లచుక్కలున్నాయేమో చూడండి. గుడ్డు పెంకు అలా తెల్లబడిందంటే పిల్లపురుగు అప్పటికే లోపలికి వెళ్లిందన్నమాట.