పొలం నడుమ కాలిబాట

మా తండ్రిగారు పొలం దున్నుతూ ఒకచోటికి వచ్చేసరికి మేడి నొక్కి కర్రును నేలలోనుంచి లేపేవారు. ఎడ్లు రెండడుగులు ఊరికే నడిచేవి. తరువాత కర్రు మరల దిగేది. చాలు వెంట చాలు, ఏడాది వెంట ఏడాది, ఆ రెండడుగుల నేల దున్నకుండ మిగిలిపోయేది. అది నర్మదా పరిక్రమ చేసేవారి కాలిబాట. దీనిని ఎవరు వేసినారని చిన్నతనంలో ఆయనను అడిగినాను. "కాళ్ళు వేసినవి" అన్నారాయన.

మాది నిమాడు ప్రాంతం. ధార్ జిల్లాలో నర్మద ఉత్తరపుటొడ్డున ఒక చిన్న ఊరు. నేను బడిపంతులుగా పనిచేసి విరమించుకొన్నవాడను. తాతలనాటి భూమిలో నా వంతుకు వచ్చిన ఏడెకరాలు స్వయంగా చూచుకొంటున్నాను. నర్మద అమరకంటకంలో పుట్టి, 1,312 కిలోమీటర్లు ప్రవహించి, భరూచి దాటి పడమటి సముద్రంలో కలుస్తుంది. ఆ నదిని కుడిచేతివైపు ఉంచుకొని, ఎక్కడా దాటకుండా ఒక ఒడ్డున సముద్రందాకా పోయి, అక్కడ పడవమీద సంగమాన్ని చుట్టి, రెండవ ఒడ్డున తిరిగిరావడమే పరిక్రమ. చాతుర్మాస్యంలో నడక లేదు. కార్తిక శుద్ధ ఏకాదశి గడచిన తరువాత కదులుతారు. ఓంకారేశ్వరంలో బయలుదేరినవారు దక్షిణపుటొడ్డున దిగువకు నడిచి, చుట్టి, మా ఒడ్డుకు చేరేసరికి మార్గశిరమో పుష్యమో అవుతుంది. సరిగా ఆ నెలలలోనే మా గోధుమ మోకాలెత్తు పెరుగుతుంది. శనగ కాయ పట్టుతుంది. యాత్రికుని పంచాంగమూ రైతు పంచాంగమూ ఒకే చేనులో ఈ విధంగా ఎదురుపడతవి.

నడిచినవారు పుస్తకాలు వ్రాసినారు. జబల్‌పూరులో నివసించిన చిత్రకారుడు, రచయిత అమృతలాల్ వేగడ్ (1928–2018) ఈ నది వెంట విడతలు విడతలుగా నడిచి గుజరాతీలోను హిందీలోను వ్రాసిన గ్రంథాలను ఎందరో చదివినారు. నేనూ సంతోషంతో చదివినాను. అయితే పొలంవాడు వ్రాసిన పుస్తకం మాత్రం నా కంట పడలేదు. యాత్రాగ్రంథాలలో రైతు సాయంకాలం సదావ్రతం క్రింద పిండీ పప్పూ ఇచ్చి, అరుగుమీద చోటు చూపించి, అంతటితో తప్పుకొంటాడు. మరునాడు తెల్లవారి అతడు తన చేను ఏవిధంగా చూచుకొన్నాడో యాత్రికునికి తెలిసే అవకాశం లేదు. అప్పటికి అతడు నాలుగు క్రోసులు దాటిపోయి ఉంటాడు.

కాబట్టి అది నేను చెప్పవలసి ఉన్నది. రాత్రి నీరు కట్టిన మడిలో తెల్లవారి ఇరవైమంది నడిస్తే బురదలో మొక్క కూరుకొనిపోతుంది. బురద తప్పించుకొనడానికి తరువాతివారు పక్కగా నడుస్తారు. వారి తరువాతివారు ఇంకా పక్కగా. అడుగు వెడల్పు బాట వారం తిరిగేసరికి మూడడుగులు అవుతుంది. మిరపతోటలో బిందుసేద్యపు గొట్టాలు పరచినాను. వాటికి మడమ తగిలితే ఎక్కడ చిల్లు పడినదీ నాలుగు మొక్కలు వాడినదాకా తెలియదు. తడిక తీసినవారు వేయడం మరచిపోతారు. వెనుకనే పశువులు వస్తవి. గుప్పెడు పచ్చి శనగ కోసుకొన్నందుకు ఎవరినీ ఏమీ అనలేదు; అయినా గుప్పెడు గుప్పెడుగా ఎంతమంది అన్నది లెక్క చూచుకొనేవానికే తెలుస్తుంది. అన్నిటికంటె నాకు భయం కలిగించేది గట్టు లేని పాత బావి. చీకటిలో ఎవరైనా అందులో పడితే ఆ పుణ్యం ఎవరిదో గాని, పోలీసులు వచ్చేది నా గుమ్మానికే.

ఇన్ని చెప్పినా, మా నాయనగారి కాలపు బాట దిగువ చేనులో, ఒడ్డుకు దగ్గరగా ఉండేది. అక్కడ నష్టమూ తక్కువే. సర్దార్ సరోవర్ ఆనకట్టను 2017లో పూర్తి ఎత్తుతో జాతికి అంకితం చేసినారు. 2019 వర్షాలలో జలాశయం మొదటిసారి 138.68 మీటర్ల పూర్తి మట్టానికి నిండినది. ఆ నీరు మా దిగువ చేను రెండున్నర ఎకరాలనూ, దానితోపాటు ఆ బాటనూ తీసుకొన్నది. పరిహారం కథ వేరు, ఇక్కడ చెప్పను. ఆ శీతకాలంలో యాత్రికులు వచ్చినారు, నీటి అంచు చూచినారు, పైకి జరిగినారు. మునిగినవారికి పునరావాసం ఎక్కడో ఒకచోట చూపించినారు. మునిగిన బాటకు నా పై చేనే పునరావాసమయినది. ఇప్పుడు ఎడ్లు లేవు. కిరాయి ట్రాక్టరు ఈ చివరినుంచి ఆ చివరకు దున్నిపోయినది. మొదటి జట్టు వచ్చిన మూడునాళ్ళలో బాట మరల తెల్లగా కనిపించినది.

కాళ్ళు నడిచినచోట మొదట సైకిలు వస్తుంది, తరువాత మోటారుసైకిలు. నా పొరుగు రైతు పుంత కూడ నీటిలో పోయినది. మిగిలిన మూడెకరాలకు చేరడానికి అతనికి వేరే దారి లేక, యాత్రికుల అడుగులమీదుగా తన ట్రాక్టరు తోలినాడు. ఒకసారి అడిగి తోలినాడు, తరువాత అడగలేదు. నేను పట్టణంలో ఒక వకీలు దగ్గరకు వెళ్ళినాను. పరుల భూమిమీద దారి, నీరు, వెలుతురు మొదలైనవాటి అనుభవపు హక్కులను గురించి 1882లో చేసిన చట్టాన్ని ఆయన తీసి చదివినాడు. ఒకని భూమిమీదుగా ఇంకొకడు ఇరవై సంవత్సరాలు శాంతంగా, బహిరంగంగా, అడ్డులేకుండా, హక్కుగా నడిస్తే ఆ దారి అతనికి స్థిరపడుతుంది. అనుమతితో నడిచిన నడక ఆ లెక్కలోకి రాదు. అడ్డు పెట్టినామంటే చాలదు. ఆ అడ్డును అవతలివాడు తెలిసి ఒక ఏడాది సహించి ఊరకుంటేనే అది అడ్డు. "ఏడాదిపాటు కంచె నిలబెట్టండి" అన్నాడు వకీలు.

తుమ్మకంప నరికించి, ముళ్ళతీగ బిగించి, కంచె వేసినాను. యాత్రికుల సంగతి అప్పుడు తలచుకొనలేదని చెప్పను. తలచుకొని పక్కకు నెట్టినాను.

పుష్యమాసంలో ఒకనాటి ఉదయం మోటారు వేయడానికి పోతే కంచె అవతల ఒక ముసలామె, ఆమెతో ఇద్దరు, మూటలు దించి కూర్చుండినారు. చీకటితో వచ్చి, దారి కనిపించక, తెల్లవారేదాకా అక్కడనే ఉన్నారట. "నర్మదే హర్" అన్నదామె. నేనూ అన్నాను. "నాయనా, దారి ఇటు కాదా?" అని అడిగినది. పైన తారురోడ్డు ఉన్నదనీ, మైలున్నర చుట్టు అవుతుందనీ చెప్పినాను. "ఎడమకు జరిగితే ఏమి? నర్మదమ్మ కుడివైపునే ఉంటుంది గదా" అని లేచినది. నీళ్ళు అడిగినది, ఇచ్చినాను. పోతూ పోతూ కంచెలో ఒకచోట వేలు చూపించినది. అక్కడ తీగ వంచి, కంప తొలగించి, నిన్ననో మొన్ననో ఎవరో దాటిపోయినారు. గోధుమలో వారి అడుగుల గుర్తులు స్పష్టంగా ఉన్నవి. "చేను తొక్కినారు నాయనా, కట్టుకో" అన్నది. తొక్కేవారు దాటిపోయినారు, నా కంచె ఆపినది ఈమెను.

ఆ సాయంకాలం వకీలును మరల కలిసినాను. యాత్రికులకు ఆ ఇరవై ఏండ్ల హక్కు వస్తుందా అని సూటిగా అడిగినాను. రాదన్నాడు. ఆ హక్కు ఒక భూమికి ఇంకొక భూమిమీద ఉండేది. దారినపోయేవానికి భూమి ఎక్కడిది? ప్రజలకు ఆచారంవల్ల కలిగే హక్కులను ఆ చట్టం ముట్టుకొనక విడిచిపెట్టినదట. పైగా కాలినడక దారిలో బండి దారి కలిసిరాదని కూడ అందులోనే ఉన్నది. ఈ మాట మొదటనే ఎందుకు చెప్పలేదంటే, "మీరు పొరుగువానిని గురించి అడిగినారు" అన్నాడు. నిజమే.

తహసీలు కచేరీలో మా ఊరి వాజిబ్-ఉల్-అర్జ్ చూపించమన్నాను. ఊరి ఆచారాలనూ దారులనూ నమోదు చేసే పత్రమది. దారి తగవులలో పూర్వాచారాన్నీ అందరి సౌకర్యాన్నీ చూచి తహసీల్దారు తీర్పు చెప్పవచ్చునని మధ్యప్రదేశ్ 1959నాటి రెవెన్యూ స్మృతి అంటున్నది. ఆ పత్రంలో నదికి పోయే బాట ఒకటి ఉన్నది: మా నాయనగారి బాటే. కాగితంమీద ఉన్న బాట నీటిలో ఉన్నది; నేలమీద ఉన్న బాట కాగితంలో లేదు. గుమాస్తా నా ముఖం చూచి పుస్తకం మూసినాడు.

చివరకు పొరుగువాని ఇంటికి నేనే పోయినాను. "అన్నా, ఆ కంచె వాళ్ళకు కాదు, నాకు వేసినావు" అన్నాడతడు, మంచం వాల్చుతూ. ఎరువు బస్తాలు నెత్తిమీద మోయించుకొన్న ఏడాది అది. అతని కోపం న్యాయమైనదే. నా కోపమూ కొంత న్యాయమైనదే గాని, ఇద్దరి భూములూ ఒకే నీటిలో పోయినవాళ్ళం ఒకరి మిగులుమీద ఒకరం కాపలా కాస్తున్నట్లు నాకు తోచినది. పై గట్టు వెంట ఎనిమిదడుగులు ట్రాక్టరుకు విడిచినాను. అది నా అనుమతి అనీ, ఏటేటా తిరిగి అడగవలెననీ, ఏడాదికి ఒక రూపాయి ఇవ్వవలెననీ వకీలు కాగితం వ్రాసినాడు. దీపావళికి అతడు రూపాయితోపాటు ఒక తట్ట పచ్చిమిరపకాయలు తెస్తున్నాడు. రూపాయికి రసీదు ఇస్తున్నాను.

యాత్రికులతో కాగితం వ్రాసుకొనడానికి వీలులేదు. బావికి నడుమెత్తు గోడ కట్టించినాను. గట్టు వెంట నడవండని బల్లమీద వ్రాయించి పెట్టినాను. చదివినవారు కొందరు గట్టు వెంట పోతున్నారు, ఎక్కువమంది అడ్డంగానే పోతున్నారు. కాలికి దగ్గరదారి తెలుసు. కంచె తీసివేసినాను.

ఈ కార్తికంలో దుక్కికి వచ్చిన ట్రాక్టరు కుర్రవాడు చేను మధ్య బండి ఆపినాడు. నిరుడు దున్నినది తానేననీ, దున్నినా ఆగదనీ అతనికి తెలుసు. "ఇక్కడ నాగలి ఎత్తమంటారా, మాస్టరుగారూ?" అని అడిగినాడు. వాని బండిలో దానికి చేతిపక్కన ఒక మీట ఉన్నది. ఎత్తమన్నాను. ఎక్కడినుంచి ఎక్కడిదాకా అన్నాడు. బాట అప్పటికి గడ్డి మూసి సరిగా కనిపించడంలేదు. చెప్పులు గట్టుమీద విడిచి, నేను ముందు నడిచి చూపించినాను.