వన్నె తేరిన అంబాసిడరు

ఏండ్ల తరబడి ఎండకును వానకును ఓర్చి వెలవెలబోయిన అంబాసిడరు కారు తలుపుపై మెత్తని గుడ్డతో పాలిష్‌ను నెమ్మదిగా రుద్దుచుండగా, సూర్యతాపమునకు జీవము కోల్పోయిన రంగుయొక్క పైపొర గుడ్డకు అంటుకొని వచ్చి, అడుగున దాగియున్న నీలవర్ణము క్రమక్రమముగా ప్రకాశింపసాగును.

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అను ఆంగ్ల వాహనమును అనుసరించి, కలకత్తా చేరువనున్న ఉత్తరపారాలో రూపొంది, 2014లో ఉత్పత్తి నిలిచిపోవువరకు మంత్రులను, పెండ్లికొడుకులను, ఆసుపత్రికి పోవు నిండుచూలాండ్రను సమభావముతో మోసిన బండి అది. దాని వెనుకసీటులో ఒకరి ఒడిలో నొకరము ఇరుకుకొని సాగించిన పెండ్లిప్రయాణములు ఆ నీలిమతోబాటు స్మృతిపథమున మెదలును.

బంపరుమీది క్రోమియము మరింత సుకుమారము. నికెలు పూతపై పరచిన ఆ ధవళకాంతి వెండ్రుకకన్న ఎంతో పలుచనిది. తుప్పు దానిని ఛేదించుకొని వచ్చినచోట ఎంత రుద్దినను ఫలము లేదు, మరల పూత వేయింపవలసినదే. రంగునకును ఒక హద్దు కలదు. మెరుగుపెట్టిన ప్రతిసారియు అది కొంత తరిగిపోవును.

కావున మిగిలియున్న వన్నెను గుర్తెరిగి, దానికి హాని కలుగకముందే చేయి నిలుపగల ఓర్పే పునరుద్ధరణకు ప్రాణమనియు, వార్ధక్యమును చేరిన మన ఆత్మీయులపట్ల ప్రేమయు అట్టి వివేకమునే కోరుననియు నాకు తోచుచున్నది.