ఏప్రిల్‌ల చలి

మొన్న బషీరాబాద్ పోతే, పొద్దుగాల్నే హోటల్ కాడ మా కాక కలిసిండు. చాయ్ గ్లాసు రెండు చేతులతోని పట్టుకున్నడు. అయినా సగం చాయ్ అంగీ మీదనే పడ్డది. "చలి పెడ్తుంది బిడ్డా" అన్నడు. ఏప్రిల్‌ల చలేంది కాకా!

తాండూర్ బండల పాలిష్ మిషన్ మీద ఇరవై ఏండ్లు నిలకడగ పనిచేసిన చేతులవి. గంటైనంక మళ్ల కనిపించిండు. వణుకు లేదు. ఎందుకు లేదో అడగాల్సిన పనిలేదు, వాసనే చెప్పింది.

రోడ్డు మీద పడిపోతేనో, ఇంట్ల కొడితేనో తాగుబోతు అంటం. అప్పటిదాంక "మంచోడే, కొంచెం తాగుతడు" అంటం. తాగుడు ముదిరిందా అని తెల్సుకునేతందుకు 1984ల జాన్ యూయింగ్ అనే అమెరికా డాక్టర్ నాలుగే ప్రశ్నలు అచ్చేయించిండు: తగ్గించాలె అనిపించిందా? ఎవరన్న అంటే కోపమొచ్చిందా? తప్పు చేస్తున్ననని అనిపించిందా? పొద్దుగాల్నే తాగాల్సి వచ్చిందా? రెండింటికి అవునంటే ఆలోచించాల్సిందే. మా కాకకు నాలుగూ అవునే.

"నేను తాగేది కల్లే" అనేటోళ్లకు ఒక మాట. 2015ల కల్తీ కల్లు మీద దాడులైనప్పుడు, అది దొరక్క పాలమూరు, మెదక్, నిజామాబాద్ దిక్కు ఎంతోమంది వణుక్కుంట దవాఖాన్లకు ఉరికిండ్రు. అండ్ల కలిపేది ఆల్ప్రజోలం అసొంటి మత్తు మందులు.

ఒక్కటి యాదుంచుకోండ్రి. రోజూ తాగేటోనితోని దేవుని ముంగట ఒట్టేయించి ఒక్కసారే బంద్ పెట్టియ్యకుండ్రి. ఫిట్స్ వస్తయి, పాణం మీదికి రావచ్చు. ముందు డాక్టర్ దగ్గరికి తోల్కపోండ్రి. సర్కారోళ్ల మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, పైసలేం తీసుకోరు, తెలుగులనే మాట్లాడుతరు.